తోటల ఊరు, తెర మీది బడి: ఖతీఫ్ చదువుల సింహావలోకనం

2020 మార్చి 8న ఖతీఫ్ దారులు మూసుకున్నాయి. అంతకు ఆరు రోజుల ముందు సౌదీ అరేబియాలో తొలి కరోనా కేసును ప్రకటించారు. అప్పటికి బయటపడిన కొద్దిమంది రోగులూ ఈ ప్రాంతం వాళ్లే. జబ్బు మిగతా దేశానికి పాకకూడదని ఖతీఫ్ లోపలికి రావడాన్నీ, అక్కణ్ణుంచి బయటికి పోవడాన్నీ ప్రభుత్వం ఆపేసింది. బడులు ముందు అక్కడ, ఆ వెంటనే దేశమంతటా మూతపడ్డాయి. ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి తెర ద్వారా పాఠం చెప్పడమనే పెద్ద ప్రయోగం ఆ దేశంలో అలా మొదలైంది. బడి చదువులో డిజిటల్ సాంకేతికత గురించి రాసేవాళ్లు చాలామంది కథను ఆ మార్చి నెల నుంచే ఎత్తుకుంటారు. నా దృష్టిలో అది కథకు నడిమి అధ్యాయం. ఆ నెలలో తెరల వెలుగు చూసిన ఇళ్లు అంతకు నూరేళ్ల ముందు నుంచీ ఒకదాని తర్వాత ఒకటిగా కొత్త సాధనాలను చూస్తూనే వచ్చాయి. ఆ నూరేళ్లలో దాదాపు సగం కాలం మన తెలుగువాళ్లు కూడా అక్కడే ఉన్నారు.

ఖతీఫ్ పారసీక సింధుశాఖ ఒడ్డున, దమ్మామ్‌కు ఉత్తరాన ఉన్న పాత ఒయాసిస్. ఊటబావుల నీళ్లు, ఖర్జూర తోటలు, ఎదురుగా తారూత్ దీవి, చుట్టూ సైహాత్, సఫ్వా వంటి ఊళ్లు. ఎడారి దేశం అనగానే మన కళ్ల ముందు మెదిలే ఇసుక దిబ్బలకూ ఈ పచ్చదనానికీ పోలికే లేదు. చమురు రాకముందు ఇక్కడి బతుకు తోట మీదా, చేపల వల మీదా, ముత్యం మీదా నడిచింది. సింధుశాఖలో తీసిన ముత్యాలు బహ్రెయిన్ మీదుగా బొంబాయి వ్యాపారుల చేతికి చేరేవి. మన రూపాయి ఈ తీరంలో చాలా కాలం చెల్లుబాటులో ఉంది. చదువు కూడా ఆ దారుల వెంటే తిరిగింది. మత శాస్త్రాలు చదవదలచిన ఖతీఫ్ యువకులు ఇరాక్‌లోని నజఫ్‌కు వెళ్లి పండితులై తిరిగి వచ్చేవారు. వారి సంఖ్య ఎంతగా పెరిగిందంటే ఖతీఫ్‌కు ‘చిన్న నజఫ్’ అన్న పేరే నిలిచిపోయింది.

పిల్లల చదువు మాత్రం కుత్తాబ్‌లో సాగేది. మన వీధి బడికి అది సోదర సంస్థ అనవచ్చు. ఇంటి వసారాలోనో, మసీదు పక్కనో చాప మీద మొఅల్లిం కూర్చుంటాడు. చుట్టూ పిల్లలు ఖురాన్‌ను గొంతెత్తి వల్లిస్తూ అక్షరాలు గుర్తుపట్టడం నేర్చుకుంటారు. పఠనం పూర్తి చేసిన పిల్లవాడికి కొత్త బట్టలు కట్టి, తోటి పిల్లలంతా వెంట నడవగా వీధుల్లో ఊరేగించి, గురువుకు కానుక ఇచ్చేవారు. దసరా రోజుల్లో పంతులుగారిని ముందు పెట్టుకుని పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగిన మన బడి పిల్లలను తలచుకుంటే ఆ వేడుక మనకు కొత్తగా అనిపించదు. ఆడపిల్లలకు చదువు వచ్చిన ఒక పెద్దావిడ తన ఇంట్లోనే నేర్పేది. చూసి చదవడం వచ్చినంత మందికి రాయడం వచ్చేది కాదు. వేసవి వస్తే ముత్యాల పడవలు నెలల తరబడి సముద్రం మీద ఉండేవి. కాస్త ఎదిగిన కుర్రవాళ్లు వాటితో పాటే వెళ్లిపోయేవారు. తోట పని ఉన్నవాళ్లు తోటకు పోయేవారు. ఆ కాలపు చదువు గొప్పదనాన్ని ఎంత చెప్పుకున్నా, గుమ్మం బయట మిగిలినవాళ్లే ఎక్కువ అన్నది మరవకూడదు. తర్వాత వచ్చిన ప్రతి సాధనాన్నీ నేను ఈ కొలతతోనే చూస్తాను: ఆ గుమ్మం బయట ఉన్నవాళ్లలో ఎవరిని అది లోపలికి తెచ్చింది, ఎవరిని ఇంకా బయటే ఉంచింది?

మార్పు తొలుత నష్టం రూపంలో వచ్చింది. 1913లో ఇబ్న్ సౌద్ ఈ తీరాన్ని ఒట్టోమన్ల చేతుల్లోంచి తీసుకున్నాడు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో జపాన్ పెంపుడు ముత్యాలూ, ప్రపంచ ఆర్థిక మాంద్యమూ కలిసి ముత్యాల వ్యాపారాన్ని కూల్చేశాయి. సరిగ్గా ఆ కరువు రోజుల్లోనే, 1933లో, అమెరికన్ కంపెనీకి చమురు అన్వేషణ హక్కులు దక్కాయి. 1938 మార్చిలో దహ్రాన్ దగ్గర దమ్మామ్ 7వ నంబరు బావిలో చమురు పడింది. 1945లో ఖతీఫ్ నేల కిందే మరో పెద్ద నిక్షేపం బయటపడింది. తోట పని, పడవ పని తెలిసిన మనుషులు ఒక్కసారిగా కవాటాలూ మీటర్లూ ఉన్న ప్రపంచంలోకి వచ్చారు. మీటరు మీది అంకె చదవలేనివాడు ఆ పనికి పనికిరాడు. కాబట్టి కంపెనీయే బడి పెట్టవలసి వచ్చింది. 1940లో అల్ ఖోబర్‌లో ఒక అద్దె ఇంట్లో ఆ తొలి తరగతి మొదలైంది. ఇంగ్లీషు, లెక్కలు, పని నేర్పే పాఠాలు అక్కడ కలిసి నడిచాయి. ఈ తీరంలో ఆధునిక విద్య పుట్టుక పని అవసరంతో ముడిపడి ఉంది. దాని బలమూ, దాని హద్దూ రెండూ అక్కడే ఉన్నాయి.

1953ను ఈ చరిత్రలో పెద్ద మలుపుగా చెప్పుకోవాలి. ఆ ఏడు అక్టోబరులో చమురు కార్మికులు వేల సంఖ్యలో సమ్మెకు దిగారు. ఆ ఏడాదే ఉద్యోగుల పిల్లలకు బడులు కట్టించి ఇచ్చేందుకు ఆ అమెరికన్ చమురు కంపెనీ, అంటే ఆరామ్‌కో, ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. డిసెంబరులో సౌదీ విద్యాశాఖ ఏర్పడి, తర్వాతి కాలంలో రాజైన ఫహద్ దానికి మొదటి మంత్రి అయ్యాడు. అప్పటి నుంచి తూర్పు తీరపు ఊళ్లలో సిమెంటు గోడల బడులు, నల్లబల్లలు, అచ్చు పుస్తకాలు కనిపించసాగాయి. ఆడపిల్లలకు ప్రభుత్వ బడుల కోసం ప్రత్యేక వ్యవస్థ 1960లో గానీ రాలేదు. దానికి వ్యతిరేకత కూడా వచ్చింది, అయినా నిలబడింది. నజఫ్ దాకా వెళ్లి చదువుకున్న పండితుల ఇళ్లలోని ఆడపిల్లలు పుస్తకాల సంచీ పట్టుకుని బడికి నడిచిన ఆ తరం గురించి రాసింది చాలా తక్కువ. నా మటుకు నాకు ఈ మొత్తం కథలో ఏ యంత్రం రాక కన్నా ఆ నడకే పెద్ద సంఘటన.

ఇంతలో తెర వచ్చింది. ఇది చాలామంది తెలుగు పాఠకులకు ఆశ్చర్యం కలిగించే విషయం. 1957 సెప్టెంబరులో ఆరామ్‌కో దహ్రాన్ నుంచి అరబ్బీ టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. ఢిల్లీలో మన దేశపు తొలి ప్రయోగాత్మక ప్రసారం జరిగింది 1959లో. అంటే ఖతీఫ్ ప్రాంతం ఢిల్లీ కన్నా రెండేళ్లు ముందు టీవీ చూసింది. ఆ స్టేషన్ వినోదంతో ఆగలేదు. అక్షరాలు, లెక్కలు, ఇంగ్లీషు, ఆరోగ్య విషయాలు పాఠాలుగా ప్రసారం చేసింది. షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు టీ గ్లాసు పట్టుకుని అక్షరాలు దిద్దే కార్యక్రమం చూడగలిగాడు. అంతకన్నా ముఖ్యంగా, బడికి వెళ్లే వీలు లేని గృహిణి ఇల్లు కదలకుండా చూడగలిగింది. ఆడపిల్లల బడులకు ఇంకా మూడేళ్లు ఉండగానే పాఠం ఇంటి లోపలికి ప్రవేశించింది. దూరవిద్య అన్న మాట ఆ ఊళ్లలో ఎవరి నోటా లేని రోజులవి, పని మాత్రం జరిగిపోతోంది.

మన నేల మీద ఆ ఘట్టం 1975లో వచ్చింది. ఆ ఆగస్టు 1 నుంచి మరుసటి ఏడాది జులై 31 దాకా అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో ‘సైట్’ ప్రయోగం నడిపింది. ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం ఊరందరికీ కార్యక్రమాలు. పంచాయతీ ఆఫీసు ముందో, బడి వరండాలోనో పెట్టిన ఆ టీవీ ముందు తెలుగు పిల్లలు నేల మీద కూర్చుని తెలుగులో సైన్సు పాఠం చూశారు. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహం పక్కకు జరిగింది, చాలా ఊళ్లలో పెట్టె మూగబోయింది. పరాయి ఉపగ్రహం మీద నడిచిన పాఠం ఒప్పందం గడువుతోనే ముగిసింది. ఇలాంటి ముగింపు మన చదువుల చరిత్రలో మళ్లీ మళ్లీ వస్తుంది.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ రెండు కథలూ కలుసుకున్నాయి. 1973 తర్వాత చమురు ధర పెరిగి సౌదీ తూర్పు తీరమంతా నిర్మాణాలతో హోరెత్తింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనుషులు బొంబాయి మీదుగా విమానం ఎక్కారు. మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు, తర్వాత నర్సులు, ఇంజనీర్లు. దమ్మామ్, రాస్ తనూరా, జుబైల్ మధ్య ఉన్న ఖతీఫ్ ఊళ్లలో, తోటల్లో, వర్క్‌షాపుల్లో తెలుగు మాట వినిపించసాగింది. కుటుంబాన్ని తెచ్చుకోగల జీతం ఉన్నవాళ్ల పిల్లలకు 1982లో దమ్మామ్‌లో వెలసిన అంతర్జాతీయ భారతీయ పాఠశాల దిక్కయింది. సీబీఎస్‌ఈ సిలబస్‌తో, ఎన్నో రాష్ట్రాల పిల్లలతో నిండిన ఆ బడి ఈ తీరపు ప్రవాస భారతీయులకు ఒక తరం మొత్తాన్ని చదివించి పెట్టింది. ఆ జీతం లేనివాడు కార్మికుల క్యాంపులో ఒంటరిగా ఉండి ఇంటికి బ్యాంకు డ్రాఫ్టు పంపాడు. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు చుట్టుపక్కల పల్లెల్లో కాన్వెంటు బడుల ఫీజులకు ఆ డ్రాఫ్టులే ఆధారం. గల్ఫ్ డబ్బు ఇళ్లు కట్టించిందనీ, పెళ్లిళ్లు చేయించిందనీ మనం తరచుగా చెప్పుకుంటాం. తెలంగాణ పల్లెల్లో ఒక తరానికి ఫీజులు కట్టి చదివించింది కూడా అదే డబ్బని అంతగా చెప్పుకోం.

ఉత్తరం రావడానికి వారాలు పట్టే ఆ రోజుల్లో టేప్ రికార్డరు పెద్ద వస్తువు. క్యాంపు గదిలో కూర్చుని క్యాసెట్‌లో మాట నింపి, సెలవు మీద ఊరెళ్లే మనిషి చేతికిచ్చి పంపేవారు. ఇంటి దగ్గర దాన్ని అందరూ చుట్టూ చేరి వినేవారు. మరో వైపు పిల్లల గొంతులు నింపిన క్యాసెట్ తిరిగి వచ్చేది. అందులో ఎక్కాలు, పద్యాలు, ఇంగ్లీషు రైములు ఉండేవి. తండ్రికి తన బిడ్డ చదువు ఎలా సాగుతోందో తెలిసేది ఆ రెండు నిమిషాల్లోనే. యంత్రం మారినా ఈ కోరిక మాత్రం తర్వాతి నలభై ఏళ్లలో ఏమీ మారలేదు.

కంప్యూటర్ రాక ఈ ప్రాంతంలో ఒక చిత్రమైన అడ్డంకితో మొదలైంది. యంత్రానికి తెలిసింది ఇంగ్లీషు అక్షరం ఒక్కటే. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అక్షరం తన పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది. కువైట్‌కు చెందిన మొహమ్మద్ అల్ షారిఖ్ 1982లో అల్ ఆలమియా సంస్థను స్థాపించి, ‘సఖర్’ పేరుతో అరబ్బీ తెలిసిన ఇంటి కంప్యూటర్లను అరబ్ దేశాల పిల్లల ముందు పెట్టాడు. ఎనభైల్లో సింధుశాఖ తీరంలో పెరిగిన ఎంతోమందికి మొదటి కీబోర్డు అదే. ఆ సేవకు 2021లో ఆయనకు కింగ్ ఫైసల్ పురస్కారం దక్కింది. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపికీ ఇదే చిక్కు. కంప్యూటర్లలో లిపుల ప్రమాణమైన యూనికోడ్ 1991లో వెలువడినప్పుడు, దాని తొలి కూర్పులో అరబ్బీతో పాటు తెలుగుకూ చోటు దొరికింది. 2003 ద్వితీయార్ధంలో అరబ్బీ వికీపీడియా, ఆ తర్వాత కొద్ది నెలలకే తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. తెలుగు వికీకి వెన్న నాగార్జున ఆద్యుడు. 2006లో వీవెన్ ‘లేఖిని’ని తెచ్చాక ఇంగ్లీషు మీటల మీదే తెలుగు రాయడం సామాన్యుడికి చేతనయ్యింది. దమ్మామ్‌లోనో, ఖతీఫ్‌లోనో కూర్చున్న తెలుగు మనిషి తన భాషలో నాలుగు వాక్యాలు రాసి పంపడం వెనుక ఇంతమంది ఓపిక ఉంది. పాఠశాల సాంకేతికత గురించి మాట్లాడేటప్పుడు పెట్టె గురించి, తెర గురించి మాట్లాడతాం. అక్షరాన్ని యంత్రంలోకి ఎక్కించినవాళ్లే అసలైన పునాది వేశారని నా నమ్మకం.

సౌదీలో ప్రజలకు ఇంటర్నెట్ 1999లో అందుబాటులోకి వచ్చింది. 2007లో రాజు అబ్దుల్లా పేరిట ‘తత్వీర్’ విద్యా సంస్కరణ పథకం వచ్చింది, 2016లో ‘విజన్ 2030’ జాతీయ ప్రణాళిక వచ్చింది. ఆ వెనుకే డిజిటల్ పాఠాల పోర్టళ్లు, ఉపగ్రహ ఛానళ్లు, ‘ఐన్’ పేరుతో జాతీయ విద్యా వేదిక సిద్ధమయ్యాయి. ఇక్కడ మన వైపు జరిగింది కూడా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు, బోధకులు ఇచ్చారు. ప్రైవేటు సంస్థలతో అయిదేళ్ల ఒప్పందం అది. గడువు ముగిశాక బోధకులు ఇంటికి వెళ్లారు. ఎన్నో బడుల్లో కంప్యూటర్ గదికి తాళం పడింది. ‘సైట్’ ఉపగ్రహం పక్కకు జరిగినప్పటి కథే మళ్లీ జరిగింది. యంత్రం కొనడానికి నిధి దొరికినంత సులువుగా మనిషిని నిలబెట్టడానికి దొరకదు. ఈ మాట ఏ ప్రభుత్వాన్ని నిందించడానికీ కాదు, నలభై ఏళ్ల అనుభవం చెబుతున్నదే ఇది.

తర్వాత ఫోన్ చేతిలోకి వచ్చింది. గల్ఫ్‌లో ఇంటర్నెట్ కాల్స్ మీద చాలా కాలం ఆంక్షలుండేవి. సౌదీ ప్రభుత్వం 2017 సెప్టెంబరులో వాటిని సడలించింది. అప్పటికే క్యాంపుల్లో ఐమో యాప్‌లో వీడియో కాల్ నిత్యకృత్యం. సాయంత్రం పని దిగి, స్నానం చేసి, గదిలో కింది మంచం మీద కూర్చుని తండ్రి ఫోన్ తెరుస్తాడు. సౌదీ కన్నా మన గడియారం రెండున్నర గంటలు ముందు కాబట్టి ఇంటి దగ్గర అప్పటికే చీకటి పడి ఉంటుంది. బిడ్డ నోట్‌బుక్‌ను కెమెరాకు అడ్డంగా పెట్టి, “బాపూ, ఈ లెక్క ఎట్ల చెయ్యాలె?” అంటుంది. అక్షరాలు మసకబారతాయి, తెర ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. లెక్క తనకూ రాదు. “బిడ్డా, రేపు సార్‌ను అడుగు, అడిగినంక నాకు చెప్పు” అంటాడు. మరునాడు అతను ఆ సంగతి మరిచిపోడు. క్యాసెట్ కాలంలో రెండు నెలలకు అందిన గొంతు ఇప్పుడు రోజూ అందుతోంది. బడి డిజిటల్ పాఠాల గురించి ఏ నివేదిక రాసినవాళ్లూ ఈ సాయంత్రపు తరగతిని లెక్కలోకి తీసుకున్నట్టు నేను చూడలేదు. తెలుగు పల్లెల్లో వేల మంది పిల్లల చదువును వెనక నుంచి తట్టింది మాత్రం అదే.

ఇలాంటి నేల మీదికి వచ్చింది 2020. ఖతీఫ్ దిగ్బంధం ఏప్రిల్ చివరి దాకా సాగింది. ఉపాధ్యాయులు దొరికిన దారులన్నీ వాడారు: వాట్సాప్ గుంపులు, టీవీ పాఠాలు, పోర్టల్‌లోని వీడియోలు. విదేశాల్లోని పాఠశాలల్లో 10, 12 తరగతులకు మిగిలిన పరీక్షలు ఇక జరపబోమని ఏప్రిల్ 1న సీబీఎస్‌ఈ ప్రకటించింది. భారతీయ బడుల్లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, ఆ ఏడు కొత్త తరగతి టీచరమ్మను తూర్పు తీరపు తెలుగు పిల్లలు తొలిసారి చూసింది తెర మీదే. ఆగస్టు 30న సౌదీ బడులు ‘మద్రసతీ’ అనే ఆన్‌లైన్ వేదిక మీద తెరుచుకున్నాయి. దేశం మొత్తం మీద అరవై లక్షల దాకా విద్యార్థులు ఉన్న వ్యవస్థను అయిదారు నెలల్లో ఒక తెర మీదికి తేవడం మామూలు పని కాదు. ఆ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఒక చిన్న విషయం. పై తరగతుల పాఠాలు ఉదయం 7 గంటలకు, ప్రాథమిక తరగతులవి మధ్యాహ్నం 3 గంటలకు పెట్టారు. దీనివల్ల ఇంట్లో ఉన్న ఒక్క ట్యాబ్‌ను అక్క పొద్దునా, తమ్ముడు మధ్యాహ్నమూ వాడుకోవచ్చు. ఉద్యోగం నుంచి వచ్చిన తల్లో తండ్రో చిన్నవాడి పక్కన కూర్చోవచ్చు. సాంకేతికత అంటే ప్రోగ్రామ్ ఒక్కటే కాదని, ఇంటి లోపలి సంగతి తెలిసినవాళ్లు వేసిన టైంటేబుల్ కూడా అందులో భాగమేనని అది చూపింది. నెట్ అందని ఇళ్లకు ‘ఐన్’ ఉపగ్రహ ఛానళ్లు పాఠాలు చేర్చాయి. ఆరామ్‌కో టీవీ కాలపు తరానికి అది బాగా తెలిసిన దృశ్యమే.

ఆ ఏడాదే సెప్టెంబరు 1న తెలంగాణలో ప్రభుత్వ బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల మీద పాఠాలు మొదలయ్యాయి. ఖతీఫ్ క్యాంపులో చిక్కుకుపోయిన తండ్రికీ, జగిత్యాల పల్లెలో టీవీ ముందు కూర్చున్న కూతురికీ బడి ఒకేసారి తెర మీదికి ఎక్కింది. తండ్రి జీతం ఆగిన ఇళ్లలో ఫోన్ రీచార్జికే డబ్బు లేదు. ముగ్గురు పిల్లలకు ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో ఆ ఫోన్ చాలాసార్లు మగపిల్లవాడి చేతిలో ఉండిపోయింది. గుమ్మం బయట మళ్లీ ఎవరు మిగిలారో అప్పుడు తెలిసింది. సౌదీలో పన్నెండేళ్లు దాటిన పిల్లలు 2021 ఆగస్టు 29న, చిన్నపిల్లలు 2022 జనవరి 23న బడి గుమ్మం తొక్కారు. ఏడాదిన్నర, రెండేళ్ల ఎడబాటు తర్వాత వచ్చిన పిల్లలు తెర వాడకంలో ఆరితేరారు. కొందరు చిన్నవాళ్లకు పెన్సిల్ పట్టడం మళ్లీ నేర్పవలసి వచ్చింది.

ఇక ముందు సంగతి. 2025-26 విద్యా సంవత్సరం నుంచి అన్ని తరగతుల్లోనూ కృత్రిమ మేధను పాఠ్యాంశంగా పెడుతున్నట్టు సౌదీ ప్రకటించింది. సీబీఎస్‌ఈ 2019లోనే దాన్ని తొమ్మిదో తరగతిలో ఐచ్ఛికంగా ప్రవేశపెట్టింది. 2026-27 నుంచి మూడో తరగతి మొదలుకొని నేర్పాలని మన కేంద్ర ప్రభుత్వం సంకల్పించింది. దమ్మామ్ భారతీయ బడిలో చదివే ఖతీఫ్ తెలుగు పిల్ల చుట్టూ ఈ రెండు దేశాల ప్రణాళికలూ నడుస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. అందులో పాఠాలు బైజూస్ అనే ప్రైవేటు సంస్థవి. 2024 జులైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పిల్లవాడి పాఠం ఒక కంపెనీ ఆయుష్షు మీద ఆధారపడకూడదని ఇంతకన్నా గట్టిగా చెప్పే సంఘటన అక్కరలేదు. 2023లో యునెస్కో తన ప్రపంచ విద్యా నివేదికను పూర్తిగా ఈ సాంకేతికత మీదే వెలువరించింది. పిల్లల మేలు కోసం ఎవరి షరతుల మీద దీన్ని వాడుతున్నామని అది అడిగింది. ఆ ప్రశ్న ఖతీఫ్‌కూ, కరీంనగర్‌కూ సమానంగా వర్తిస్తుంది.

రాబోయే రోజుల గురించి నాకు భయం లేదు. మాట వినే యంత్రం, ఒక్కో పిల్లవాడి తప్పును చూసి దానికి తగ్గ లెక్క ఇచ్చే యంత్రం ఇప్పటికే ఉన్నాయి. అరబ్బీలో మాట్లాడే పెద్ద భాషా నమూనాను సౌదీ తానే తయారు చేసుకుంది. మన భారతీయ భాషల మధ్య అనువాదం కోసం 2022లో ‘భాషిణి’ వేదిక వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ, బజారులో అరబ్బీ వినే ప్రవాసపు పిల్లకు ఈ నాలుగింటి మధ్య వంతెన వేయగల సాధనం మొదటిసారి చేతికి అందుతోంది. 2007లో అమెరికాలో తెలుగు నేర్పే సిలికానాంధ్ర మనబడి మొదలైనప్పుడు వారాంతపు తరగతికి పంతులూ, గదీ వెతుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు దమ్మామ్‌లోని తల్లి హైదరాబాద్ పంతులమ్మ చేత తన బిడ్డకు తెర మీద గుణింతాలు చెప్పించగలదు. అయితే కుత్తాబ్ మొఅల్లిం నుంచి ‘మద్రసతీ’ టీచరమ్మ దాకా ఈ కథలో ఎక్కడ పాఠం నిలబడిందో చూస్తే, అక్కడ పిల్లవాడి పేరు తెలిసిన ఒక మనిషి కనిపిస్తారు. 2008 ఒప్పందం ముగిసినప్పుడు మనం పోగొట్టుకున్నది ఆ మనిషినే. రాబోయే బడ్జెట్లలో యంత్రానికి ఒక రూపాయి పెడితే, దాన్ని వాడే ఉపాధ్యాయుడి శిక్షణకూ, జీతానికీ మరో రూపాయి పెట్టాలి. ఆడపిల్ల చేతికి, క్యాంపు కార్మికుడి బిడ్డ చేతికి సాధనం ముందుగా చేరాలి. ఈ రెండూ జరగని చోట కొత్త యంత్రం కూడా తాళం వేసిన గదిలోకే పోతుంది.

చివరగా, చరిత్ర రాసేవాడిగా ఒక విన్నపం. కుత్తాబ్ రోజుల పలకలు మ్యూజియాల్లో ఉన్నాయి. ‘సైట్’ కార్యక్రమాల గురించి నివేదికలున్నాయి. 2020 నాటి మన పాఠాలు మాత్రం ఫోన్ నిండిందని, ఖాతా మారిందని రోజూ చెరిగిపోతున్నాయి. ఆ ఏడాది ఖతీఫ్‌లో, దమ్మామ్‌లో, జుబైల్‌లో పిల్లలకు పాఠం చెప్పిన తెలుగు ఉపాధ్యాయులు, క్యాంపుల్లో ఉండి బిడ్డల నోట్‌బుక్కులు ఫోన్‌లో చూసిన తండ్రులు, ఒక్క ట్యాబ్‌ను వంతులు వేసిన తల్లులు తమ అనుభవాన్ని ఇప్పుడే రాసి పెట్టాలి. రాయలేనివారు గొంతు రికార్డు చేయించాలి. మిగిలిన సందేశాలు, వీడియోలు, టైంటేబుళ్లు దాచి, తెలుగు సంఘాల చేతికో, విశ్వవిద్యాలయాల చేతికో అప్పగించాలి. ఎనభైల్లో క్యాసెట్లు నింపినవాళ్లలో చాలామంది ఇప్పుడు వృద్ధులు. మొదలు వాళ్ల దగ్గరికి వెళ్లండి.